వైద్య పరిశోధన కొరకు మా సైకిలు యాత్ర
(శతవార్షిక సభలో యువజనుల పక్షాన చేసిన ప్రసంగము)



ఈ శుభ సమయంలో నాలుగు మాటలు చెప్పమని మమ్ములను కోరారు. మేము ఉపన్యాసకులము కాము. 2025 జనవరిలో, సంక్రాంతి సెలవుల్లో, పదకొండు మందిమి సైకిళ్ళ మీద సూర్యాపేట నుండి కోదాడకు, కోదాడ నుండి మిర్యాలగూడకు వెళ్ళి, పిల్లలకు వచ్చే రక్త క్యాన్సరుపై జరిగే పరిశోధనకు చందాలు పోగుచేశాము. ఆ సంగతే మీ ముందు ఉంచుతాము. అందులో మా గొప్ప కొంచెమే. మేము నేర్చుకున్నది ఎక్కువ.

ఈ పద్ధతి మేము కనిపెట్టినది కాదు. అమెరికాలోని మాసచూసెట్స్ రాష్ట్రంలో 1980లో బిల్లీ స్టార్ అనే యువకుడు, తన తల్లి క్యాన్సరుతో మరణించగా, 36 మందిని కూడగట్టి ఇట్టి యాత్ర చేశాడు. ఆ మొదటి సంవత్సరం వచ్చినది 10,200 డాలర్లు. అదే యాత్ర ఏటేటా సాగి, 2024 నాటికి మొత్తం వంద కోట్ల డాలర్లు దాటింది. ఆ డబ్బు బోస్టన్ నగరంలోని డానా–ఫార్బర్ క్యాన్సరు సంస్థకు చేరుతున్నది. ఆ ఫార్బర్ పేరును దయచేసి గుర్తుంచుకోండి.

మేము ఈ ఆలోచనను సంఘ కూటంలో పెట్టినప్పుడు అందరూ మెచ్చుకున్నారు. ఒక తల్లి మాత్రం లేచి నిలబడింది. ఆమె కుమారునికి రక్త క్యాన్సరు. ఏడాదిగా హైదరాబాదుకు తిరుగుతున్నారు. "తమ్ముళ్ళారా, ఎప్పుడో ఎవరికో పనికివచ్చే పరిశోధనకు చందా ఎత్తుతామంటున్నారు. మంచిదే. మా బాబు బస్సు ఖర్చులకు ఈ నెల అప్పు చేశాను. సంఘం సహాయ నిధి పెట్టె ఖాళీగా ఉన్నదట. అది మీకు తెలుసునా?" అని అడిగింది.

మాకు తెలియదు. అదీ మా సిగ్గు. ఏడాదిగా ఆ బాబు కొరకు ప్రార్థనలో పేరు చదువుతున్నామే కాని, ఆ ఇంటి గడప తొక్కిన వారు మాలో ఇద్దరే.

ఆ ఆదివారం సాయంత్రం అందరమూ వారింటికి వెళ్ళాము. గోడకు క్యాలెండరు వేలాడుతున్నది. వారానికి ఒక రోజు చుట్టూ ఎర్ర గీత. "ఆ రోజు ఈ మాత్రలు వేయాలి" అని ఆమె చూపించింది. ఆ మందు పేరు మెథోట్రెక్సేట్. మాతో వచ్చిన విశ్రాంత సైన్సు మాస్టారు ఆ పేరు చదివి చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "అమ్మా, ఈ మందు వెనుక మన తెలుగువాడు ఒకడు ఉన్నాడు" అన్నారు.

1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి సంగతి అది. స్ప్రూ అనే పేగుల వ్యాధికి సోదరుని బలి ఇచ్చిన మనిషి. మద్రాసులో వైద్యం చదివి, 1923లో అమెరికా వెళ్ళారు. తరువాత లెడర్లే ప్రయోగశాలలో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారు చేసింది. స్ప్రూ రోగులకు అది ఎంతో మేలు చేసింది. అంతటితో ఆగలేదు. ఫోలిక్ ఆమ్లం లేనిదే కణాలు పెరగలేవు గదా. అట్లయితే దానివలెనే కనిపించి, దాని పనిని అడ్డుకొనే పదార్థం ఇస్తే క్యాన్సరు కణాలు ఆగిపోవా? అట్లా పుట్టినది అమినోప్టెరిన్. దానిని బోస్టనులో పిల్లలకు ఇచ్చి చూచిన వైద్యుడే సిడ్నీ ఫార్బర్. 1948లో ఆయన ప్రకటించిన వ్యాసంలో 16 మంది పిల్లలలో 10 మందికి వ్యాధి కొంతకాలం తగ్గింది. మళ్ళీ తిరగబెట్టింది, నిజమే. అయినా అంతవరకు కొద్ది నెలల్లో మరణమే గతి అనుకున్న జబ్బు, మందుకు లొంగుతుందని మొదటిసారి తెలిసింది. ఆ మందును కొంచెం మార్చి చేసినదే మెథోట్రెక్సేట్. సుబ్బారావు గారు అదే 1948 ఆగస్టులో కన్నుమూశారు. నేడు వసతులున్న దేశాలలో ఈ జబ్బు వచ్చిన పిల్లల్లో పదింట ఎనిమిది తొమ్మిది మంది బ్రతుకుతున్నారు.

ఆ తల్లి అంతా విని, "అయితే ఆనాడు ఎవరో ఇచ్చిన చందా ఈనాడు నా బిడ్డ నోట్లో పడుతున్నదన్న మాట. సరే, తొక్కండి. కాని పెట్టె సంగతి మరువకండి" అన్నది.

రెండూ చేయాలని తీర్మానించుకున్నాము. సైకిలు యాత్ర చందా పూర్తిగా హైదరాబాదులోని ఒక ఆసుపత్రి పరిశోధన నిధికి. సహాయ నిధికి మాత్రం మేము పదకొండు మందిమి మా సొంత డబ్బుతో ప్రతి నెలా వేయాలి. ఒకదానిని కోసి మరొకదానికి అతుకు వేయరాదు.

ఇక ప్రయాణం. దాదాపు వంద కిలోమీటర్లు, రెండు దినములు. కిలోమీటరుకు రూపాయి నుండి అయిదు రూపాయల వరకు దాతలు మాట ఇచ్చారు. ఒక ముసలమ్మ మాత్రం వంద రూపాయలు ముందే చేతిలో పెట్టి, "మీరు చేరినా, చేరకపోయినా ఇది మీదే బాబూ" అన్నది.

తెల్లవారకముందే సూర్యాపేటలో బయలుదేరాము. గేరు సైకిళ్ళు మూడే. తక్కినవి ఇంట్లో ఉన్న మామూలు సైకిళ్ళు. విజయవాడ రహదారిపై లారీల హోరు, ఎదురుగాలి. మునగాలలో టీ తాగి, మధ్యాహ్నానికి కోదాడ చేరాము. రాత్రి అక్కడి సంఘస్తులు వేడి అన్నం, పప్పుచారు పెట్టారు. మరునాడు హుజూర్‌నగర్‌లో రెండు సైకిళ్ళకు పంచరు. కారణం తెలిసి, ఆ షాపు సోదరుడు డబ్బు పుచ్చుకోలేదు. అక్కడి నుండి ఇరుపక్కలా సాగర్ ఎడమ కాలువ నీటితో నాట్లు పడుతున్న పొలాలు.

ఆ పచ్చదనం చూచి మాలో ఒకడు, "మా తాతది మునుగోడు వైపు. ఈ నీళ్ళు ఆయనకు అందలేదు" అన్నాడు. ఆ తాతగారు బోరు నీటి ఫ్లోరైడు వలన నడుము వంగి, చివరి రోజుల్లో తల ఎత్తి మనుమని ముఖం చూడలేకపోయారు. ఇది కూడ పరిశోధన చెప్పిన సంగతే. 1937లో నెల్లూరు జిల్లా పల్లెల్లో వైద్యులు ఈ జబ్బుకు కారణం నీరని గుర్తించారు. నల్లగొండ జిల్లా రోగులను గురించి డాక్టరు సిద్దిఖీ 1955లో బ్రిటిష్ వైద్య పత్రికలో వ్రాశారు. 1970ల్లో నాగపూరు పరిశోధనా సంస్థ వారు పటిక, సున్నం కలిపి నీటిలోని ఫ్లోరైడును తగ్గించే పద్ధతిని రూపొందించారు. దాని పేరే నల్లగొండ పద్ధతి. ఆఫ్రికా దేశాలలో సైతం ఆ పేరుతోనే వాడారు. కారణం తెలిసిన తరువాత కూడ మంచినీరు మన పల్లెలకు చేరడానికి ఎన్ని దశాబ్దాలు పట్టిందో మీకు తెలుసు. పరిశోధన దారి చూపుతుంది, నడవవలసినది మనమే.

నేరేడుచర్ల వద్ద మాలో ఒకనికి కాళ్ళు పట్టేశాయి. అతడు ఆటోలో వచ్చాడు. తరువాత దాతల దగ్గరకు వెళ్ళి, "నేను తొక్కినది ఎనభై కిలోమీటర్లే, అంతకే ఇవ్వండి" అన్నాడు. కొందరు అంతే ఇచ్చారు, కొందరు రెట్టింపు ఇచ్చారు. తక్కిన పది మందిమి మూసీ వంతెన దాటి సాయంత్రానికి మిర్యాలగూడ చేరాము. మాట ఇచ్చిన వారిలో నాలుగవ వంతు మంది ఇంకా ఇవ్వలేదు. పేర్లు చెప్పము, వారు ఇక్కడే ఉన్నారు, నవ్వుతున్నారు కూడ. లెక్కల కాగితం, ఆసుపత్రి రసీదు గుడి నోటీసు బోర్డు మీద ఉన్నవి.

మేమిచ్చిన సొమ్ము పెద్దది కాదు. దానితో ఏమి కనుగొంటారో చూడడానికి మేము ఉండకపోవచ్చును. 1948లో పరీక్షకు ఒప్పుకొన్న ఆ పదహారు కుటుంబాలవారికి మన సూర్యాపేట బాబు సంగతి తెలుసునా?

ఆ బాబు ఇప్పుడు బడికి వెళ్తున్నాడు. చికిత్స ఇంకా ముగియలేదు. అట్టి పిల్లలకు రక్తం తరచు అవసరమవుతుంది. కనుక చివరి మనవి: ద్వారం వద్ద ఒక పుస్తకం ఉంచాము. రక్తం ఇవ్వగలవారు పేరు, రక్త వర్గం వ్రాయండి. దాని ప్రక్కనే సహాయ నిధి పెట్టె ఉన్నది. వచ్చే జనవరిలో మళ్ళీ బయలుదేరుతాము. సైకిలు ఉన్నవారు రండి, లేనివారు పంపు, ట్యూబు పట్టుకొని రండి.