గాజునకు రంధ్రము



రఘువంశారంభమున కాళిదాసు, పూర్వకవులు తెఱచిన త్రోవలో తన ప్రవేశమును వజ్రము తొలిచిన మణిలో దారము దూరుటతో పోల్చుకొనెను. అది వట్టి అలంకారము కాదు, పనివాని యనుభవము. కృష్ణయొడ్డున కొల్లూరు గనుల వజ్రములకై టావెర్నియే అను వర్తకుడు 1652లో మన బందరు రేవుననే దిగెను. నేడు వజ్రపుపొడి పొదిగిన బరమామొన సామాన్యునికిని అందినది. గుడివాడలోనైనను దివిసీమలోనైనను, అద్దమునకు మరమేకు పట్టు రంధ్రమును ఇంటనే చేసికొనవచ్చును.

అయితే గాజు కోతకు లొంగదు, అరుగుదలకే లొంగును. కాల్చి గట్టిపఱచిన గాజును, అనగా మోటారుకారు ప్రక్క అద్దము వంటిదానిని, అసలే ముట్టరాదు; మొన తగులగనే తునుకలగును. తక్కిన అద్దము క్రింద సమమైన పలక పఱచి, గుర్తు చుట్టును జిగటమన్నుతో కట్ట పోసి, నీరు నింపవలెను. దివిసీమ రైతునకు గట్టు వేయుట నేర్పవలయునా! ఆ నీరు వేడిని హరించును. ఊపిరితిత్తులకు చేటైన పొడిని అణచును. నీటిచెంత విద్యుత్తీగ యమపాశము గనుక చేతిబరమాయే మేలు. కంటికి రక్షణ యద్దములు ధరించి, మొనను కొంచెము వాల్చి గాటుపెట్టి, పిమ్మట నిలిపి మెల్లగా త్రిప్పవలెను. కడపటి వెండ్రుకవాసి దళమున చేతిబరువు తీసివేయవలెను. గాజు పగులునది అచ్చటనే. పొడిని తడిగుడ్డతో నెత్తి, పసివారు తిరుగని చోట పూడ్చవలెను.