కొండ దిగునప్పుడు చిన్న మోటారు బండి
(ప్రసంగ పాఠము)



భద్రాచలమువద్ద గోదావరిపై 1965లో వంతెన వెలసినది. అంతకు పూర్వము ఈ అడవి సీమకు రాకపోకలు ఎంత కష్టముగా నుండెనో మీ యిండ్లలోని పెద్దలు చెప్పగలరు. తరువాత బస్సులు వచ్చినవి. బస్సు పోలేని గూడెములకు చిన్న మోటారు బండి వచ్చినది. హోసూరునుండి టీవీఎస్ 50 వెలువడినది 1980లో. నేడు చర్ల, దుమ్ముగూడెము, గుండాల, ఆళ్ళపల్లి మండలములలో ఏ గూడెమునకు పోయినను చెట్టు నీడన ఒకటి రెండు ఎక్సెల్ బండ్లు నిలిచియుండును. బడికి పోవు పంతులుగారికి, టీకాలు వేయవచ్చు నర్సమ్మకు, సంతకు పోవు రైతుకు అదియే ఆధారము. ఈ బండిని నిందించుట మా ఉద్దేశము కాదు. దానిపై ఉదయము బయలుదేరినవారు సాయంత్రము క్షేమముగా ఇల్లు చేరుట ఎట్లన్నదే నేటి మా విషయము.

సాధారణముగా కొండ ఎక్కుటకు భయపడువారు దిగుటకు భయపడరు. ఎక్కునప్పుడు బండి మూలుగును, పొగ చిమ్మును, అలసిపోయి తనకు తానే నెమ్మదించును. దిగునప్పుడు శ్రమ తెలియదు. ప్రాణములు పోవునది ఎక్కువగా అక్కడనే. భద్రాచలమునుండి అన్నవరము పోవు యాత్రికులు చింతూరు దాటి మారేడుమిల్లి ఘాటు మీదుగా పోవుదురు. చింతూరు 2014 వరకు ఖమ్మము జిల్లాలోనిదే. ఈ ఘాటులో 2019 అక్టోబరులో యాత్రికుల వాహనము లోయలో పడి 8 మంది మరణించిరి. 2025 డిసెంబరులో బస్సు పడి కనీసము 9 మంది మరణించిరి.  ప్రతిదినము తిరుగు మనకు దారి తెలియును గదా యని కొందరు అందురు. మా అభిప్రాయములో తెలిసిన దారియే ఎక్కువ మోసము చేయును. నిన్న మలుపులో ఎవరును ఎదురు రాలేదు గనుక నేడును రారని అనుకొందుము.

ఈ బండి స్వభావమును కొంచెము తెలిసికొనవలెను. గేర్లుగల మోటారు సైకిలు రెండవ గేరులో దిగుచున్నచో ఇంజనే దానిని వెనుకకు పట్టియుంచును. ఎక్సెల్ బండికి మార్చుటకు గేర్లు లేవు. ఇంజను పట్టు స్వల్పము. బండి బరువు, మనిషి బరువు, వెనుకనున్న బియ్యపు మూట బరువు సమస్తము బ్రేకులపైననే పడును. చక్రము నడుమనున్న డ్రమ్ములో బ్రేకు షూలు ఒరసికొని బండిని ఆపును. దిగుడు పొడవునను లీవరును వదలక నొక్కి యుంచినచో డ్రమ్ము కాలిపోవునంత వేడెక్కి, షూల పట్టు తగ్గును. అప్పుడు ఎంత నొక్కినను బండి ఆగదు. కావున వేగము పెరిగిన పిదప తగ్గించుట కాదు, పైనుండియే నెమ్మదిగా బయలుదేరవలెను. రెండు బ్రేకులను కలిపి కొంచెము నొక్కి, వదలి, మరల నొక్కవలెను. ముందు బ్రేకు పట్టినచో పల్టీ కొట్టుదుమని దానిని ముట్టనివారు చాలమంది యున్నారు. దిగుడులో బరువు ముందు చక్రముపైననే మొగ్గును గనుక, మెల్లగా పట్టిన ముందు బ్రేకే ఎక్కువ మేలు చేయును. అయితే ఇసుకపై, తడి ఆకులపై దానిని గట్టిగా పట్టరాదు. నడుమ వెడల్పైన చోట పది నిమిషములు ఆగినచో డ్రమ్ము చల్లబడును. తొందరపడి దానిపై నీళ్ళు పోయరాదు.

ఒక సంతనాడు ఘాటుపైన ఒక వృద్ధుడు ఇంజను ఆపి బండిని దిగుడుకు మళ్ళించుచుండగా మేము చూచితిమి. "పెద్దాయనా, ఇంజను ఎందుకు ఆపినారు?" అని అడిగితిమి. "పెట్రోలు కలిసొస్తది సారూ! దిగుడుకు ఇంజనెందుకు?" అని ఆయన నవ్వెను. లెక్క చూతము. లీటరుకు 60 కిలోమీటర్లు నడచు బండి 10 కిలోమీటర్ల చదును దారికి త్రాగునది లీటరులో ఆరవ వంతు. దిగుడులో పిడి వదలినచో అంతకంటె ఎంతో తక్కువ. టీ గ్లాసెడు పెట్రోలు కొరకు ఆయన ఇంజనిచ్చు ఆ కొద్ది పట్టును కూడ పోగొట్టుకొనుచున్నాడు. పైగా పాత బండ్లలో దీపము ఇంజను తిరిగినప్పుడే వెలుగును. చీకటిలో ఇంజను ఆపినవాడు దీపము కూడ ఆర్పుకొన్నవాడే. ఈ మాట చెప్పగా ఆయన కొంత ఆలోచించి ఇంజను వేసికొనెను. మరునాడు ఏమి చేసెనో చెప్పజాలము.

గంటకు 40 కిలోమీటర్ల వేగమున బండి ఒక సెకనులో 11 మీటర్లు పోవును. ఎదుట ఎద్దును చూచి, మనసుకు తట్టి, చేయి లీవరును పట్టులోపలనే ఆ దూరము గడచిపోవును. వేగము 20కి తగ్గించినచో, బ్రేకు పడిన తరువాత బండి ఆగుటకు పట్టు దూరము సగము కాదు, నాల్గవ వంతు అగును. పాము మెలికల వంటి మలుపులో కొండగోడ చాటున దారి ఎంతమేర కనిపించునో చూచి, అంతలో ఆగగల వేగముననే పోవలెను. మలుపుకు ముందే హారను కొట్టవలెను. మలుపు తిరుగుచు కొట్టిన హారను ఎవరికొరకు?

లోయవైపు చూచి బెదరి దారి నడుమకు వచ్చువారు కలరు. ఎదురు వచ్చు లారీకి వారే తగులుదురు. ఎడమ ప్రక్కను విడువరాదు. పెద్ద బస్సు మలుపు తిరుగునప్పుడు ముందుభాగము బయటికి పోవును, వెనుక చక్రములు లోపలి అంచును కోసికొనుచు వచ్చును. బస్సుకును కొండగోడకును నడుమ సందు కనిపించినను అందులో దూరరాదు. క్షణములో ఆ సందు మూసికొనిపోవును. ఇరుకైన కొండ దారిలో దిగువాడు ప్రక్కన ఆగి, ఎక్కువానికి దారి ఈయవలెనన్నది మర్యాద మాత్రమే కాదు, రహదారి నిబంధన.

వానకాలమున వాగు దాటినప్పుడు బ్రేకులు తడియును. దాటిన వెంటనే నెమ్మదిగా నడుపుచు బ్రేకులను ఒకటి రెండు మారులు తేలికగా పట్టి ఆరబెట్టవలెను. చప్టాపై నీరు పారుచున్నచో లోతు అంచనా వేయుచు నిలువక వెనుకకు మరలుటయే మంచిది. డిసెంబరు, జనవరి మాసములలో తెల్లవారుజామున మంచు దట్టముగా నుండును. ఒక గంట ఆలస్యముగా బయలుదేరుట నష్టము కాదు.

బరువు విషయము. వెనుక ఒక్కరినే ఎక్కించుకొనవలెనని చట్టము. భార్యాబిడ్డలతో, కోళ్ళగంపతో, మూటతో ఎక్కు సంసారమును చూచినప్పుడు బస్సు లేనిచో వారేమి చేయుదురని మాకును తోచును. అయినను నిటారు దిగుడు వచ్చినప్పుడు వెనుకవారు దిగి నడచుట సాధ్యమే గదా! అక్కచెల్లెండ్రు చీర కొంగును నడుమున బిగించి, చక్రమునకు చీర తగులకుండ అడ్డుకమ్మి ఉన్నదో లేదో చూచి ఎక్కవలెను.

హెల్మెట్టు పట్టణమువారికే యని ఇచ్చట ఒక భ్రమ యున్నది. మన దేశమున 2022లో రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరి. అందు 50,029 మంది హెల్మెట్టు లేని రెండు చక్రముల బండ్లవారు. వారిలో 14,337 మంది వెనుక కూర్చున్నవారే. ఐఎస్ఐ గుర్తు గలదానిని కొని, గడ్డము క్రింద పట్టీ బిగింపవలెను. పట్టీ లేని హెల్మెట్టు మనిషికంటె ముందే లోయలోనికి పోవును.

చిన్న బండియే గదా యని పదునారేండ్ల పిల్లవానికి తాళము ఇచ్చు తండ్రులు గమనింపవలెను. ఆ వయసువారికి చట్టము అనుమతించునది గేర్లు లేని, 50 సీసీకి మించని బండిని మాత్రమే, అదియు లైసెన్సుతోనే. ఎక్సెల్ 100 ఇంజను 99.7 సీసీ. దానికి పదునెనిమిదేండ్లు నిండవలెను.

అడవిలో ఫోను పలుకని చోట్లు మీకే బాగుగా తెలియును. బయలుదేరునప్పుడు ఏ దారిన పోవుచున్నదియు, ఎప్పటికి చేరునదియు ఇంటిలో చెప్పి పోవలెను. దారిలో ఎవరైన పడియున్నచో కేసులకు జంకి తప్పుకొనిపోవలదు. గాయపడినవానిని ఆసుపత్రికి చేర్చినవారిని తమ పేరు చెప్పుమని గాని, సాక్ష్యమునకు రమ్మని గాని బలవంతము చేయరాదని 2019లో మోటారు వాహనముల చట్టమును సవరించియున్నారు. పడినవాని మెడను వంచక, హెల్మెట్టును గుంజక, ఫోను పలుకు మిట్టకు ఒకరిని పంపి 108కి కబురు చేయవలెను. ఏ ఊరికి ఏ ఊరికి నడుమనో, ఏ మలుపువద్దనో, ఏ కిలోమీటరు రాయి దగ్గరనో స్పష్టముగా చెప్పినచో అంబులెన్సు వెదకులాడు పని తప్పును.