రోగినిబట్టి మందు



గ్రంథాలయపు బీరువాలలో అన్నిటికంటె ముందుగా అట్టలు చినిగిపోవునవి వైద్యపుస్తకములు. పురాణములు కొన్నాళ్లు నిలుచును, నవలలును నిలుచును, గృహవైద్యమను పేరుగల పుస్తకము మాత్రము ఏడాది తిరుగకయే దారములతో వ్రేలాడును. ఇది సంతోషింపదగిన విషయమే. కాని ఆ పుస్తకమును తెరచినవాడు సామాన్యముగా రోగము పేరును వెదకి, దానికి ఎదురుగా నున్న మందును కాగితముపై దింపుకొని పోవును. తానెట్టివాడో విచారింపడు. ఆయుర్వేదమున చికిత్స మొదలగునదియో, అచ్చటనే.

చరకసంహిత విమానస్థానమున రోగిని పదివిధముల పరీక్షింపవలెనని యున్నది. వాని ప్రకృతి యెట్టిది, దానికి కలిగిన వికృతి యెట్టిది, ధాతువుల సారమెంత, శరీరపు కట్టును కొలతయు నెట్టివి, ఏ యాహారము వానికి సాత్మ్యమైనది, మనోబల మెంత, ఎంత తిని యెంత అరిగించుకొనగలడు, ఎంత శ్రమకోర్చును, వయస్సెంత - ఇన్ని తెలిసినగాని మందును, మోతాదును నిర్ణయింపరాదు. చేయి పట్టుకొని అరనిమిషములో పొట్లము కట్టి యిచ్చుట ఈ పద్ధతి కాదు.

ఇందులకు మధుమేహమే మంచి దృష్టాంతము. నేడు చక్కెరవ్యాధి లేని వీధి లేదు. ఒకనికి గుణమిచ్చిన కషాయమును పదిమంది కాచుకొని త్రాగుటయు కొత్త కాదు. సుశ్రుతుడు చికిత్సాస్థానమున ప్రమేహరోగులను రెండు తెగలుగా విడదీసెను. ఒకడు పుట్టుకతోడి దోషము గలవాడు: బక్కచిక్కియుండును, కొంచెముగా తినును, మిక్కిలి దప్పిగొనును. రెండవవాడు అపథ్యమువలన రోగము తెచ్చుకొన్నవాడు: స్థూలకాయుడు, తిండిపోతు, పడకను పీటను విడువనివాడు. ఈ యిరువురికి చికిత్సలు పరస్పర విరుద్ధములు. స్థూలుని కరగింపవలెను; కృశించినవానికి పుష్టినీయవలెను. కలిమి లేనివాడు నూరు యోజనములు కాలినడకను పోవలెనని, బావి త్రవ్వవలెనని కూడ ఆ యధ్యాయమున చెప్పి, బక్కవానిని మాత్రము ఎల్లప్పుడు కాపాడుకొనవలెనని సుశ్రుతుడు హెచ్చరించెను. పేరొకటే యైనను, ఒకనికి పథ్యమైన ఉపవాసము రెండవవానికి ప్రాణాంతకము.

ఇట్టి బక్కబాలురకు నేడు వైద్యశాస్త్రము చూపిన త్రోవ ఇన్సులిన్. 1921లో కెనడా దేశమందలి టొరాంటో నగరమున బాంటింగు, బెస్టు అనువారు దానిని వెలికిదీసిరి. 1922 జనవరిలో పదునాలుగేండ్ల బాలునికి మొదటిసారి ఎక్కించిరి. అంతకుముందు ఆ పిల్లలు ఎక్కువకాలము బ్రదుకుట లేదు. వారి క్లోమము ఆ రసమును స్రవింపజేయలేదు గనుక, దానిని బయటినుండి ఇచ్చుట తప్ప గత్యంతరము లేదు. కషాయము మొదలుపెట్టినామని, పసుపు ఉసిరిక తినిపించుచున్నామని చెప్పి సూదిమందు మాన్పించిన తల్లిదండ్రులు కొలదిదినములలోనే బిడ్డను పోగొట్టుకొనవచ్చును. పసుపు, ఉసిరిక ప్రమేహమునకు శ్రేష్ఠములని వాగ్భటుడు చెప్పినమాట నిజమే. కాని బీజదోషమున పుట్టిన ప్రమేహము సాధ్యము కాదని చరకుడు చెప్పినమాటయు అంతే నిజము. దానిని సమూలముగా మాన్పెదనని పలుకువాడు పాశ్చాత్యవైద్యమునకే కాదు, చరకునకును విరోధి.

రెండవవాని సంగతి వేరు. ఏబదియేండ్లు దాటి, బొజ్జ పెరిగి, పొలమునకు మోటారుబండిపై పోయివచ్చు గృహస్థునకు నడకయు, మితాహారమును నిజముగా మందే. అతడును రక్తపరీక్ష మానరాదు. వైద్యుడిచ్చిన మాత్రలను తనంతట తాను తగ్గింపరాదు. పాశ్చాత్యవైద్యమున పట్టము పొందియు ఆయుర్వేదమునకు జీవితమును ధారపోసిన ఆచంట లక్ష్మీపతిగారి వంటివారు ఆంధ్రులలోనే యుండిరి. ఒకటి పట్టినవాడు రెండవదానిని పారవేయవలెనన్న నియమము లేదు.

లోహపు మందుల విషయమున ఇంకను జాగ్రత్త వలయును. అమెరికా దేశమున బోస్టను పరిసరముల దుకాణములలో అమ్మిన 70 ఆయుర్వేదపు మందులను పరీక్షింపగా, 14 మందులలో సీసము, పాదరసము, పాషాణములలో ఏదో యొకటి కనబడినదని 2004లో వెల్లడియైనది. సంతలో చీటీ లేని సీసాలో అమ్ము భస్మమున ఏమున్నదో కొన్నవానికి తెలియదు. పలుమారు అమ్మినవానికిని తెలియదు.

దీర్ఘాయువుకై ప్రాచీనులు మందులకంటె దినచర్యను, ఋతుచర్యనే యెక్కువగా నమ్మిరి. అష్టాంగహృదయమున ఈ రెండును మొదటి యధ్యాయమునకు వెంటనే వచ్చును. అక్కడను అందరికి ఒకే కొలత లేదు. బలవంతుడు, స్నిగ్ధాహారము తినువాడు సయితము తన శక్తిలో సగము మేరకే, అదియు చలికాలమున, వసంతమున వ్యాయామము చేయవలెను. తక్కిన ఋతువులలో అంతకంటె తక్కువ. పగటినిద్ర వేసవిలో హితము, వసంతమున కఫకరము. పెరుగు రాత్రివేళ కూడదు. మన వేసవిలో పెరుగన్నము మానుమన్న ఎవరు విందురు? చిలికిన మజ్జిగతో సరిపెట్టుకొనుట సులభము.

ఉప్పును మితిమీరి వాడరాదని చరకుడు ప్రత్యేకముగా చెప్పెను. రక్తపుపోటు గల యింట ఆవకాయ జాడీ ఎదుట ఈ మాట తలచుకొనదగినది. అయితే చిరకాలము అలవాటైనదానిని ఒక్కనాడే విడువుమని ఆయన చెప్పలేదు. మొదట నాలుగవవంతు తగ్గించి, ఆ మేరకు హితమైనదానిని చేర్చవలెను. ఒకనాటి యెడముతో సగము. రెండునాళ్ల యెడముతో ముప్పాతిక. మూడునాళ్ల పిమ్మట పూర్తిగా. కాఫీలో నాలుగు చెంచాల చక్కెర వేసికొనువాడు రేపు మూడు వేసికొనవచ్చును. ఎవని చెంచా యెంతటిదో వాడే చూచుకొనవలెను.