కొండదారిని సైకిలు సవారి

పల్లెలయందలి పెద్దలారా!

సైకిలు మీకు క్రొత్తది కాదు. పొలమునకును, సంతకును, పొరుగూరి పెండ్లికిని దానినే నమ్ముకొని తిరిగినవారము మనము. నేనును ముప్పది యేండ్లు బడికి సైకిలుమీదనే పోయితిని. కావున ఆ విద్యలో నేను నేర్వవలసినది మిగిలి యున్నదని యెన్నడును తలపనైతిని. అఱువదియైదవ యేట గచ్చిబౌలి చెంత నొక గుట్టపై నా యజ్ఞానము బయలుపడినది. ఆ ముచ్చటయే నేడు మీకు విన్నవింతును.

గచ్చిబౌలి హైదరాబాదునకు పడమటి దిక్కున నున్నది. గచ్చుతో కట్టిన బావి యుండుటచే ఆ పేరు వచ్చినదని పెద్దలు చెప్పుదురు. 1998లో ఆ ప్రాంతమున సైబర్ టవర్సు అను సౌధము తెఱువబడిన పిదప కంప్యూటరు కొలువులు పెరిగి, మేకలు మేసిన చోట మేడలు లేచినవి. నాతోడ ఒకే బడిలో గణితము చెప్పిన మిత్రు డొకడు ఇప్పుడచ్చట కుమారునియొద్ద నున్నాడు. మార్గశిరమాసమున నేను వానిని చూడబోగా, “పంతులుగారూ, రేపు తెల్లవారుజామున కొండసైకిళ్లపై పోవుదము” అనెను.

ఆ బండి మన బండివంటిది కాదు. టైర్లు రెండంగుళములకు పైగా వెడల్పు; వానిపై రబ్బరు గుబ్బలు. ముందుచక్రపు కాడలు అదురును తమలో నణచుకొనును. ఎక్కుడులో కాలి బరువు తగ్గించుటకు గేర్లు గలవు. టైరులో గాలి బిగియ కొట్టరాదు. కొంచెము మెత్తగా నుంచినచో అది రాతిని పట్టుకొనునట.

ఈ వినోదము అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున పెరిగినది. 1976లో అచ్చటి మెరీను మండలమున కొందఱు యువకులు పాత బరువు సైకిళ్లపై ఒక కొండవాలున పందెములు మొదలిడిరి. దిగుచున్నంతసేపును బ్రేకు పట్టుటచే వెనుకచక్రపు ఇరుసులోని గ్రీజు కాగి పొగలై పోవుచుండెను. దిగిన పిమ్మట మఱల గ్రీజు కూరవలసి వచ్చెడిది. ఇరువది యేండ్లకు, 1996లో, అట్లాంటా ఒలింపిక్సునందు ఈ పందెమునకు చోటు దొరకినది.

మేము ఖాజాగూడ గుట్టలకు చేరునప్పటికి తూర్పు తెల్లవాఱుచుండెను. అచ్చటి నల్లరాతి వయస్సు సుమారు రెండువందల యేబది కోట్ల సంవత్సరములని భూగర్భ శాస్త్రజ్ఞు లందురు. ఎండకును వానకును బీటలు వాఱి, ఉల్లిపొరలవలె పెచ్చు లూడి, బండలు గుండ్లై యొకదానిపై నొకటి నిలిచినవి. ఆ పెచ్చులే పొడియై దారిపొడవున ముతక యిసుకగా పఱచుకొన్నవి. గట్టి రాతిపై ఆ యిసుక, గచ్చుమీద చల్లిన జొన్నగింజలవంటిది.

ఎక్కుడు సుఖముగా సాగెను. దిగుడులో ఒక మలుపుకడ మిత్రుడు తన బండి దిగి, “ఇచ్చట దిగి నడువుడు” అని చెప్పి ముందునకు పోయెను. వెనుక ఇరువదేండ్ల కుఱ్ఱవాండ్రు ఇద్దఱు వచ్చుచుండిరి. శిష్యులవంటివారి యెదుట దిగుటయా యని సిగ్గుపడి నేను దిగనైతిని. మలుపులో పెద్ద రాయి కనబడెను. భయముతో దానినే చూచుచు ముందుబ్రేకు గట్టిగా పట్టితిని. మఱుక్షణమున నేలపై నుంటిని. మోకాలు చీరుకొనెను; మణికట్టు బెణికెను.

తల యెత్తి చూచునప్పటికి మిత్రుడు నా ప్రక్కనే యుండెను. నే నెచ్చట పడుదునో యెఱిగి ముందుగనే అచ్చట నిలిచెను. “ఇసుకపై, మలుపులో, ముందుబ్రేకు పట్టినచో చక్రము దొర్లుట మాని జాఱును. జాఱు చక్రము మన మాట వినదు. మఱియు చూపు పోయినచోటికే బండి పోవును” అనెను. ఆ స్థల మంత చక్కగా నెట్లు తెలియునని యడిగితిని. కొంత తడవు మాటాడక, “పోయినయేడు ఒంటరిగా వచ్చి ఈ రాతికడనే పడితిని. గడియసేపు లేవలేకపోతిని. ఇంట చెప్పలేదు, చెప్పినచో సైకిలు మాన్పింతురని వెఱచితిని” అనెను.

ఆనాడు వాడు రెండు బండ్లను విడివిడిగా దించి, నన్ను చేయి పట్టి నడిపించెను. నా కట్టు చూచి వాని కుమారు డడుగగా, నేను నా పాటు నొప్పుకొంటిని. మిత్రుడును తన పాత పాటు నొప్పుకొనెను. కుమారుడు సైకిలు మాన్పింపలేదు. “ఇకమీదట ఒంటరిగా పోకుడు, నాన్నగారూ” అని మాత్రమే యనెను. ఆ యొక్క మాటకు వెఱచి మిత్రుడు ఏడాది దాచెను!

పెద్దలారా! బరువుబండి తోలువాడు దిగుడు వచ్చినప్పుడు బండి దిగి, ఎడ్ల మెడ పట్టి నడిపించును. వానిని చేతకానివాడని యెవ్వరు నందురు? అది వాని నేర్పు. ముదిమిలో మనము ఎక్కరాదని నేను చెప్పను. మణికట్టు మానినపిదప నేను మఱల నెక్కితిని. అయితే దిగవలసిన చోట దిగుడు. పడినచో ఇంట చెప్పుడు. తోడు లేక కొండదారిని పోకుడు. ఆ మలుపుకడ నేనిప్పుడు దిగి నడచెదను. కుఱ్ఱవాండ్రు చూచినను చూతురు గాక.