ఒకే రాష్ట్రం, రెండు లీగులు: కుర్రాడు ఎటు వెళ్ళాలి?

ఈ రోజు మన టాపిక్ అమెరికన్ కాలేజ్ ఫుట్‌బాల్. డాలస్ దగ్గర అలెన్, ఫ్రిస్కో, ప్లేనో అంటే మనవాళ్ళు చాలామంది ఉండే ఊర్లే కదా. అక్కడ ఈ ఆట పిచ్చి స్కూల్లోనే మొదలవుద్ది. అలెన్ హైస్కూల్ స్టేడియంలో 18,000 మంది పడతారు. స్కూల్ స్టేడియం అండి!

ముందు రెండు మాటలు తెలుసుకుందాం. రిక్రూటింగ్ అంటే యూనివర్సిటీ కోచ్‌లు హైస్కూల్ ఆటగాళ్ళ ఇంటికొచ్చి, స్కాలర్‌షిప్ ఇస్తాం, మా టీమ్‌లోకి రమ్మని అడగడం. కాన్ఫరెన్స్ అంటే కొన్ని యూనివర్సిటీలు కలిసి ఆడే లీగ్. ఎవరితో ఆడతారు, ఏ టీవీలో కనిపిస్తారు, ఎంత డబ్బొస్తుంది అనేది చాలావరకు అక్కడే తేలిపోతుంది.

ఇప్పుడు కథలోకి వెళ్దాం. ఆస్టిన్‌లో టెక్సాస్ యూనివర్సిటీ, సుమారు వంద మైళ్ళ దూరంలో కాలేజ్ స్టేషన్‌లో టెక్సాస్ ఏ అండ్ ఎం. 1894 నుంచి పోటీ. 2011 వరకు ఇద్దరూ బిగ్ 12 లీగ్‌లోనే ఉన్నారు. ఆ ఏడాది టెక్సాస్ యూనివర్సిటీ ఈఎస్‌పీఎన్‌తో కలిసి సొంత ఛానల్ పెట్టింది. 20 ఏళ్ళకి 30 కోట్ల డాలర్ల ఒప్పందం. అందులో హైస్కూల్ మ్యాచ్‌లు కూడా చూపిస్తామన్నారు. ఆలోచించండి, పదహారేళ్ళ కుర్రాడి ఆట టెక్సాస్ సొంత ఛానల్లో వస్తే వాడి మనసు ఎటు పోతుంది? ఎన్‌సీఏఏ అడ్డుపడి ఆ ప్లాన్ ఆపేసింది. కానీ ఏ అండ్ ఎంకి అప్పటికే ఒళ్ళు మండింది. 2012లో బిగ్ 12 వదిలేసి ఎస్‌ఈసీలో చేరిపోయింది.

2006 నుంచి 2012 సీజన్ దాకా వరుసగా 7 జాతీయ టైటిళ్ళు ఎస్‌ఈసీ టీములవే. దాంతో ఏ అండ్ ఎం కోచ్‌ల చేతికి టెక్సాస్ దగ్గర లేని మాట ఒకటి దొరికింది: "ఇల్లు వదలక్కర్లేదు, సొంత రాష్ట్రంలోనే ఉండి ఎస్‌ఈసీలో ఆడొచ్చు." మొదటి సీజన్లోనే అలబామాని వాళ్ళ ఊర్లో 29-24తో ఓడించారు. ఆ మాటకి బలం వచ్చింది. అయితే తలుపు రెండు వైపులా తెరుచుకుంటుంది. అలబామా, ఎల్‌ఎస్‌యూ కోచ్‌లు కూడా టెక్సాస్ తల్లిదండ్రులతో "మీ వాడు మా టీమ్‌లో ఉన్నా, మీ రాష్ట్రానికొచ్చి ఆడతాడు" అని చెప్పుకోవచ్చు.

మరి లీగ్ పేరు ఒక్కటే సరిపోతుందా? కైలర్ ముర్రేని చూడండి. అలెన్ హైస్కూల్ కుర్రాడు, వాళ్ళ నాన్న ఏ అండ్ ఎంలో ఆడినవారే. 2015లో అక్కడే చేరాడు. ఒక్క సీజన్ ఆడి, బిగ్ 12లో ఉన్న ఓక్లహోమాకి వెళ్ళిపోయాడు. 2018లో హైస్‌మన్ ట్రోఫీ, మరుసటి ఏడాది ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో నంబర్ వన్. ఇంకోటి చెప్తా. 2022లో ఏ అండ్ ఎం రిక్రూటింగ్ క్లాస్ దేశంలోనే నంబర్ వన్. ఆ సీజన్లో గెలిచినవి 5, ఓడినవి 7! తర్వాతి ఏడాది కోచ్‌ని తీసేశారు. ఆయన్ని నమ్మి వచ్చిన పిల్లల సంగతేంటి?

ఇక్కడ నా గొడవ ఒకటి చెప్తాను. బీటెక్‌కి వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు మా నాన్న అడిగింది ఒకటే ప్రశ్న: "ఏ కంపెనీలు వస్తాయి రా?" పెద్ద కంపెనీలే వచ్చాయి. కానీ చాలావాటికి మా బ్రాంచ్ వాళ్ళని కూర్చోనివ్వలేదు. చివరికి బయట తిరిగి ఉద్యోగం తెచ్చుకున్నా. కంపెనీ గేటు దాకా రావడం వేరు, మనకి కుర్చీ దొరకడం వేరు. కాన్ఫరెన్స్ కూడా అంతే.

2024 జులైలో టెక్సాస్ కూడా ఎస్‌ఈసీలో చేరింది. అంటే ఏ అండ్ ఎం పన్నెండేళ్ళు వాడిన ఆ మాట చెల్లకుండా పోయింది. నవంబర్ 30న మళ్ళీ తలపడితే టెక్సాస్ 17-7తో గెలిచింది. అప్పటి హైస్కూల్ సీనియర్లకి 2011 మ్యాచ్ నాటికి అయిదేళ్ళు. వాళ్ళకి ఈ పోటీ తాతలు చెప్పిన కథే!

ఇప్పుడు లీగ్ ఒకటే. కాబట్టి కోచ్, డబ్బు, మైదానంలో చోటు, వీటి మీదే బేరం. 2025 జులై నుంచి యూనివర్సిటీలు ఆటగాళ్ళకి నేరుగా డబ్బివ్వొచ్చు, మొదటి ఏడాది పరిమితి సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్లు.

మీ ఇంట్లో ఆడే పిల్లాడుంటే, ఇంటికొచ్చిన కోచ్‌ని లీగ్ గురించి అడగండి, తప్పులేదు. కానీ ముందు ఇది అడగండి: "మా వాడి పొజిషన్‌లో ఇప్పటికే ఎంతమంది ఉన్నారు? మీరు వెళ్ళిపోతే వీడి గతేంటి?"