పనికి పోవు తల్లి - ఇంటి పెద్దలు



“తల్లి ఉద్యోగమునకు పోయినచో ఇల్లేమగును?” అను ప్రశ్న మన పల్లెలలో తరచుగా వినబడుచుండును. పెండ్లిచూపులలో అడుగుదురు, అరుగుల మీద అడుగుదురు, ఒక్కొక్కప్పుడు ఇంటి లోపలనే మెల్లగా అడుగుదురు. నేను ఇద్దరు బిడ్డల తల్లిని. గ్రామ పాఠశాలలో పంతులమ్మను. కావున ఈ ప్రశ్న నాకు పరాయిది కాదు. దీనికి సమాధానమును తల్లియొద్ద కంటె ఇంటి పెద్దలయొద్ద వెదకుట మేలని నాకు తోచినది. ఆ సంగతినే నేడు మీతో ముచ్చటింపదలచితిని.

పనికి పోవు తల్లి మన ఊళ్లకు క్రొత్త కాదు. నాట్లు వేసినవారు, కలుపు తీసినవారు, మిరపకాయలు కోసినవారు, ప్రత్తి ఏరినవారు ఎవరు? చెట్టుకొమ్మకు పాతచీరతో ఉయ్యాల కట్టి, బిడ్డను అందు పరుండబెట్టి, సాలు చివరకు వచ్చినప్పుడెల్ల ఒకమారు తొంగిచూచి, మరల నడుము వంచి పనిచేసినవారు మన అమ్మలు, అమ్మమ్మలే. వారిని చూచి “ఇల్లేమగును?” అని ఎవరును అడుగలేదు. నాడు ఇంటిలో అవ్వయో, పినతల్లియో, తోడికోడలో ఉండెడివారు. నేడు చాల ఇండ్లలో భార్యాభర్తలు, ఇద్దరు బిడ్డలు మాత్రమే కలరు. పైగా సొంత పొలము పని ఇంటి వేళకు కొంత ఒదుగును. బడిగంట ఎవరి కొరకును ఒదుగదు. మారినది ఈ రెండే. ఇంటిపని మాత్రము నాడెంతయో నేడును రమారమి అంతయే, చేయవలసిన చేతులును అవే.

ఒక పంతులమ్మ దినమును లెక్కవేసి చూడుడు. తెల్లవారుజామున 5 గంటలకు లేచి, వాకిలి చిమ్మి, పాలు కాచి, వంట చేసి, ఆడపిల్లలకు జడలు వేసి, నలుగురికి క్యారేజీలు సర్ది, 8 గంటలకు బస్సు కొరకు నిలువవలెను. సాయంకాలము 5 గంటలు దాటిన తరువాత ఇల్లు చేరి, మరల పొయ్యి వెలిగింపవలెను. అందరు భుజించిన పిమ్మట గిన్నెలు తోమి, మరునాటికి పప్పు నానబోసి, అప్పుడు బడిపిల్లల వ్రాతపుస్తకములు ముందు పెట్టుకొని దిద్దవలెను.

ఇది ఒక్క పంతులమ్మ సంగతి కాదు. 2019లో జాతీయ గణాంక కార్యాలయమువారు దేశప్రజలు దినమును ఎట్లు గడుపుచున్నారో విచారించిరి. 6 ఏండ్లు నిండినవారిలో, జీతములేని ఇంటిపని చేసినవారు స్త్రీలలో నూటికి 81 మంది. పురుషులలో 26 మంది. ఆ పని చేసిన స్త్రీలు సగటున దినమునకు 299 నిమిషములు దానికి వెచ్చించిరి. పురుషులు 97 నిమిషములు. 299 నిమిషములనగా ఒక నిమిషము తక్కువ 5 గంటలు. కూలికి పోయినను, కొలువునకు పోయినను, స్త్రీకి ఈ గంటలు సామాన్యముగా తప్పుట లేదు.

ఈ బరువు తల్లితో ఆగదు. కూతురి మీదికి దిగును. ఊరి సంగతులు తెలియుటకు పంతులమ్మ రచ్చబండకు పోనక్కరలేదు, హాజరుపట్టిక చాలును. మిరపకోతల కాలమున, ప్రత్తితీతల కాలమున ఒకే ఇంటి అన్న బడికి వచ్చును, చెల్లెలు రాదు. “నిన్న రాలేదేమమ్మా?” అని అడిగినచో “అమ్మ కూలికి పోయిందండి, తమ్ముడి కాడ ఉన్నానండి” అని చెప్పును. “అన్నయ్య ఉండకూడదా?” అని అడిగినచో ఆ పిల్ల నా ముఖము వంక వింతగా చూచును. అన్న కూడ తమ్ముని చూచుకొనవచ్చునను తలంపు ఆ పిల్లకు ఎన్నడును కలుగలేదు. కలుగజేయవలసినవారు పెద్దలు.

ఒకనాటి బడి పోయినంత మాత్రమున ఏమి నష్టమని అనుకొనరాదు. భాగహారము చెప్పిననాడు రాని పిల్లకు, భిన్నములు చెప్పిననాడు వచ్చినను బోధపడదు. బోధపడని పిల్ల వెనుక వరుసకు జరుగును. వెనుక వరుసకు జరిగిన పిల్ల కొన్నాళ్లకు బడి మానును. మానిన పిల్లకు ఇంటివారు సంబంధము వెదకుదురు. చంటిపిల్లవానిని ఎత్తుకొని ఇంట నిలిచిన ఆ ఒక్కనాడు ఇంతదూరము తీసికొనిపోగలదు.

ఆడపిల్ల చేతికి పుస్తకము వచ్చుటకు ఎంత కాలము పట్టినదో మీకు తెలియనిది కాదు. 1848లో పుణెలో సావిత్రీబాయి, జ్యోతిరావు ఫూలే దంపతులు బాలికలకు బడి పెట్టిరి. 1874లో కందుకూరి వీరేశలింగముగారు ధవళేశ్వరమున బాలికా పాఠశాల స్థాపించిరి. అయినను 1951 జనాభా లెక్కల నాటికి దేశములో చదువను వ్రాయను వచ్చిన స్త్రీలు నూటికి 9 మందియే. 2011 లెక్కలలో ఆ సంఖ్య 65కు చేరినది. కొన్ని తరములు శ్రమించి పండించిన పంట ఇది. కళ్లములోనికి వచ్చిన ధాన్యమును చూచి చూచి ఎవరు వానకు వదలుదురు?

ప్రభుత్వము తన వంతు కొంత చేసినది. 1975లో సమగ్ర శిశు అభివృద్ధి పథకము మొదలై, దానితో అంగన్‌వాడీలు ఊళ్లకు వచ్చినవి. 2009లో చేసిన విద్యాహక్కు చట్టము 6 నుండి 14 ఏండ్ల పిల్లలకు ఉచిత విద్యను హక్కు చేసినది. 2017లో ప్రసూతి సెలవును, మొదటి ఇద్దరు బిడ్డల విషయమున, 12 వారముల నుండి 26 వారములకు పెంచిరి. ఇవన్నియు మేలైనవే. అయినను ఉదయము 5 గంటలకు పొయ్యి ఎవరు వెలిగింపవలెనో ఏ చట్టమును చెప్పదు. గడప లోపల పెద్దల మాటయే చట్టము.

ఇచ్చట ఒక జాగ్రత్త చెప్పవలసి యున్నది. కోడలికి పని తగ్గింపుడనగానే ఆ పనిని అత్తగారికి అప్పగించుట అనేక గృహములలో జరుగుచున్నది. ఆమె నలువది ఏండ్లు ఆ ఇంటికి చాకిరి చేసినది; మోకాళ్లు అరిగినవి; కన్ను మందగించినది. ఆమెపై పని వేయుట కావడిని ఒక భుజము నుండి మరియొక భుజమునకు మార్చుట వంటిది. భుజము మారునే గాని బరువు తగ్గదు. తగ్గవలెనన్నచో ఇంటిలోని పురుషులు కొంత దింపుకొనవలెను.

పురుషులకు ఇంటిపని చిన్నతనమందురా? రుచియైన వంటను మెచ్చుకొనునప్పుడు మనము నలభీమపాకమందుము. ఆ నలుడును భీముడును పురుషులే గదా! పెండ్లిండ్లలో వేయిమందికి గాడిపొయ్యి మీద వండి వడ్డించు వంటవారు కూడ పలుచోట్ల పురుషులే. చదువులకు పట్టణములకు పోయిన మన కుర్రవాండ్రు అద్దెగదులలో అన్నము వండుకొని, బట్టలు ఉతుకుకొని కాలము గడుపుచున్నారు. పెండ్లియైన మరునాడు ఆ విద్య ఎచ్చటికి పోవుచున్నదో తెలియదు.

నాకు తెలిసిన ఇంటిలో ఒక తాతగారున్నారు. వ్యవసాయము కుమారునికి అప్పగించి విశ్రాంతిగా నున్నవారు. కోడలు ఉద్యోగమునకు పోవుట మొదలుపెట్టిన తరువాత ఆయన ఉదయము నీళ్లు కాచుట, బియ్యములో రాళ్లు ఏరుట, మనుమరాలిని అంగన్‌వాడీకి తీసికొనిపోయి తీసికొనివచ్చుట తన పనులుగా పెట్టుకొనిరి. సాయంకాలము పెద్ద మనుమనిచే ఎక్కములు అప్పగింపించుకొందురు. తొలిదినములలో అరుగుమీదివారు నవ్విరి. “నా మనుమలకు నేను చేసికొనుట నాకు తక్కువెట్లా అవుతుందయ్యా?” అని ఆయన అడిగిరి. కొంతకాలమునకు ఎవరును చెప్పకయే ఆయన కుమారుడు తన కంచము తాను కడుగుకొన మొదలుపెట్టెను. తండ్రిని చూచి పిల్లవాడును నేర్చెను. మూడు తరములకు ఒక్కమారే పాఠము చెప్పగలుగుట పంతులమ్మలకు సాధ్యము కాదు, తాతగారికి సాధ్యమైనది.

ఇందువలన తల్లికి కలుగు లాభము కంటె బిడ్డలకు కలుగు లాభమే హెచ్చు. బడిలో నలుబదిమంది పిల్లలకు పంచగా మిగిలిన ఓర్పుతో పంతులమ్మ ఇల్లు చేరును. ఆ వేళకు పొయ్యిమీద ఎసరు కాగుచున్నచో ఆ మిగిలిన ఓర్పు ఆమె బిడ్డలకు దక్కును. లేనిచో పొయ్యికి దక్కును. బిడ్డ తల్లి ప్రక్కన కూర్చుండి ఆనాటి ముచ్చట చెప్పుటకు అరగంట చాలును. ఆ అరగంటను ఇంటివారందరు కూడి ఆమెకు సంపాదించి ఈయవలెను.

పెద్దలను నేను కోరునవి కొద్ది మాటలే. సంబంధము చూచునప్పుడు పిల్లకు వంట వచ్చునా యని అడిగినట్లే, పిల్లవానికి వచ్చునా యని కూడ అడుగుడు. ఇంట పని పడి ఆడపిల్లను బడి మాన్పింపబోవునప్పుడు, “ఆ పని పంచుకొను మగవారు లేరా?” అని ఒక్కమారు విచారింపుడు. మనుమనికి ఒక చీపురు, మనుమరాలికి ఒక పుస్తకము మీ చేతితో అందింపుడు. మేము చెప్పినచో కొందరు విందురు, కొందరు వినరు. మీరు చేసి చూపినచో ఇల్లంతయు నేర్చుకొనును.