తుపాకీ గుండు చెప్పే సాక్ష్యం

1967 జనవరి 12న మద్రాసు శివారు రామాపురంలో, ఎం.జి.ఆర్. ఇంట్లో తుపాకీ పేలింది. ఆయనకూ, చూడవచ్చిన నటుడు ఎం.ఆర్. రాధాకూ గుండ్లు తగిలాయి. ఎవరు కాల్చారన్న ప్రశ్న న్యాయస్థానానికి వెళ్ళింది.

ఇలాంటప్పుడు మనుషులతో పాటు గుండునూ విచారిస్తారు. నొక్కులు పడిన బ్లేడుతో పెన్సిలు చెక్కి చూడండి, ప్రతి చెక్కులోనూ అవే గీతలు పడతాయి. రివాల్వరు గొట్టం లోపల కూడా మెలి తిరిగిన చాళ్ళుంటాయి. దూసుకుపోయే గుండు మీద వాటి గీతలు పడతాయి. నిపుణులు అనుమానమున్న రివాల్వరును నీళ్ళతొట్టిలోకి కాల్చి, ఆ గుండునూ గాయంలో దొరికిన గుండునూ జంట సూక్ష్మదర్శినిలో పక్కపక్కన పెట్టి పోలుస్తారు. గాయం చుట్టూ మందు మసి ఉంటే దగ్గరి నుంచి కాల్చారని అర్థం. తనను తానే కాల్చుకున్నాడా అన్నది తేల్చడానికి ఇది అక్కరకొస్తుంది.

ఎం.జి.ఆర్.ను చంపబోయారన్న నేరం రుజువై, 1967 నవంబరులో రాధా గారికి ఏడేళ్ళ శిక్ష పడింది. ఎం.జి.ఆర్. గొంతు మాత్రం మళ్ళీ మునుపటిలా కాలేదు.

కనుక నేరం జరిగిన చోట గుండు గాని, ఖాళీ తూటా గాని కనబడితే ముట్టుకోకండి, తుడవకండి. మనం చెరిపే ఆ సన్నని గీతే ఒక నిరపరాధిని కాపాడేది కావచ్చు. పోలీసులు వచ్చేదాకా అక్కడే ఉండనివ్వండి.